ఇగోర్ లారియోనోవ్ ఆట అంకెల్లో ఎందుకు కనిపించదు?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. కెనడాలో ఐస్ హాకీ ఆడుతున్న మీ పన్నెండేళ్ల అబ్బాయి తోటి పిల్లలకన్నా పొట్టిగా, సన్నగా ఉన్నాడు. వాడికి ఇగోర్ లారియోనోవ్ ఆట చూపించమని కోచ్ సలహా ఇచ్చారు. మీరు వెతికి చూస్తే ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో 921 మ్యాచ్‌లు, 169 గోల్స్, 475 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), రెండూ కలిపి 644 పాయింట్లు కనిపించాయి. అదే రష్యా నుంచి వచ్చిన పావెల్ బూరే 702 మ్యాచ్‌ల్లో 437 గోల్స్ కొట్టాడు, సెర్గీ ఫెదొరోవ్ 1,179 పాయింట్లు తెచ్చాడు. వీళ్ల పక్కన ఈయన లెక్క మామూలుగానే ఉంది కదా, 2008లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎందుకు తీసుకున్నారు, మా పిల్లవాడు ఈయన దగ్గర నేర్చుకునేది ఏముంది అన్నది మీ సందేహం. నేను 1995 నుంచి డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాను. ఆయన ఇక్కడి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు రెడ్ వింగ్స్‌కు ఆడిన రోజుల్లో చాలా మ్యాచ్‌లు చూశాను, తర్వాత పన్నెండేళ్లు ఇక్కడి పిల్లల జట్లకు ఖాళీ సమయంలో శిక్షణ ఇచ్చాను. ఆ అనుభవంతో జవాబు రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది.

మీరు చూసిన లెక్కలో ఆయన జీవితంలో సగమే ఉంది. లారియోనోవ్ 1960 డిసెంబరు 3న మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న వొస్క్రెసెన్స్క్ అనే రసాయన కర్మాగారాల ఊరిలో పుట్టాడు. ఆ ఊరి జట్టు పేరు కూడా ఖిమిక్, అంటే రసాయనాలవాడు. అక్కడ ఆడుతుండగా కోచ్ విక్టర్ తిఖోనోవ్ కళ్లలో పడి 1981లో ఆయన నడిపే సోవియట్ సైన్యపు జట్టు సీఎస్‌కేఏకు వెళ్లాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడింది 1989లో, ఇరవై తొమ్మిదో ఏడు నిండబోతుండగా. హాకీలో సాధారణంగా ఆటగాడి కాళ్లలో వేగం పతాకస్థాయిలో ఉండే ఏళ్లన్నీ ఆయన అప్పటికే మరో దేశపు లీగులో ఖర్చు చేసేశాడు. ఆ ఏళ్లలో సీఎస్‌కేఏ ప్రతి ఏడాదీ సోవియట్ లీగు గెలిచింది. 1984లో సరాయెవోలోనూ 1988లో కాల్గరీలోనూ ఒలింపిక్ స్వర్ణాలు వచ్చాయి. 1982, 1983, 1986, 1989 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి. 1981 కెనడా కప్ ఫైనల్లో సోవియట్ జట్టు మాంట్రియల్లో కెనడాను 8-1తో చిత్తుచేసినప్పుడు, ఇరవై ఏళ్ల లారియోనోవ్ అందులో రెండు గోల్స్ కొట్టాడు. ఇవేవీ ఆ 644లో లేవు.

అక్కడ ఆయనకు ఎడమవైపు వ్లాదిమిర్ క్రుతోవ్, కుడివైపు సెర్గీ మకరోవ్, వెనక డిఫెన్స్‌లో వ్యాచెస్లావ్ ఫెతిసోవ్, అలెక్సీ కసతోనోవ్. ముగ్గురు ఫార్వర్డ్‌ల ఇంటిపేర్ల తొలి అక్షరాలను బట్టి దాన్ని కేఎల్ఎం లైన్ అనేవారు. ఐదుగురూ కలిసి ఒకే ముక్కగా మంచు మీదికి దిగేవారు, ఒకే ముక్కగా బెంచీకి వచ్చేవారు. నడిమధ్య సెంటర్ స్థానంలో ఉన్నవాడు లారియోనోవ్. క్రుతోవ్ బలం, మకరోవ్ వేగం, ఫెతిసోవ్ ముందుకు దూసుకొచ్చే ధైర్యం అందరి కంటికీ కనిపించేవి. వాటిలో ఏది ఎప్పుడు వాడాలో తేల్చేవాడు మాత్రం సుమారు 175 సెంటీమీటర్ల ఎత్తు, 77 కిలోల బరువు ఉన్న ఈ కళ్లజోడు మనిషి. ఆయనకు ‘ప్రొఫెసర్’ అన్న పేరు అలా అతుక్కుంది. చదరంగం ఆడతాడు, పుస్తకాలు చదువుతాడు అని కూడా అనేవారు గానీ, నా మట్టుకు ఆ పేరు ఆయన ఆటకే ఎక్కువ సరిపోతుంది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఉత్తర అమెరికాలో ఆ కాలపు పద్ధతి ప్రకారం, ఎదుటివాళ్ల నీలిరేఖ (వాళ్ల గోల్ వైపు భాగం మొదలయ్యే గీత) దగ్గర దారి మూసుకుపోయి ఉంటే, పక్ అనే ఆ గట్టి రబ్బరు బిళ్ళను మూలకు విసిరేసి, వెంటపడి, గోడకేసి ఒకరినొకరు గుద్దుకుని దాన్ని మళ్లీ సంపాదించుకోవాలి. ఇది దేహబలం ఉన్నవాళ్ల ఆట. సోవియట్ బడిలో నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: చేతిలో ఉన్న బిళ్ళను ఊరికే ఎందుకు వదులుకోవాలి? దారి మూసుకుపోతే వెనక్కి తిరుగు, వెనకున్నవాడికి ఇవ్వు, ఐదుగురూ మళ్లీ చోట్లు సర్దుకుని కొత్త దారిలో రండి. ఈ ఆటలో బక్కవాడికి చోటుంది, కానీ ఒక షరతు మీద. బిళ్ళ తన దగ్గరికి వచ్చేలోపే, అది తర్వాత ఎక్కడికి వెళ్లాలో వాడికి తెలిసి ఉండాలి.

లారియోనోవ్ ఈ ఆటను ప్రాణంగా ప్రేమించాడు. దాన్ని నేర్పిన వ్యవస్థను మాత్రం సహించలేకపోయాడు. నా దృష్టిలో ఆయన జీవితానికి తాళంచెవి ఇదే. సీఎస్‌కేఏ ఆటగాళ్లు పేరుకు సైనికాధికారులు. ఏడాదిలో ఎక్కువ నెలలు మాస్కో శివారులోని అర్ఖాంగెల్స్కోయె శిబిరంలో, భార్యాబిడ్డలకు దూరంగా, రోజుకు రెండుమూడు విడతల సాధనతో గడపాలి. ఆ జట్టుకూ జాతీయ జట్టుకూ తిఖోనోవే కోచ్ కాబట్టి ఆయనతో పేచీ పెట్టుకున్నవాడికి వెళ్లడానికి ఇంకో గుమ్మం లేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు అన్న స్థితిలో, 1988 అక్టోబరులో లారియోనోవ్ ‘ఒగొన్యోక్’ వారపత్రికలో కోచ్‌ను ఉద్దేశించి బహిరంగలేఖ అచ్చు వేయించాడు. గోర్బచేవ్ సంస్కరణల కాలం గనుక, విటాలీ కొరోటిచ్ సంపాదకత్వంలో ఆ పత్రిక అలాంటివి అచ్చు వేసే తెగువ చూపుతోంది. మనుషుల్ని మరలుగా చూసే నిరంకుశత్వాన్ని, కుటుంబాలకు దూరంగా బంధించి ఉంచడాన్ని ఆ లేఖలో ఆయన పేరుపెట్టి ప్రశ్నించాడు. అదే ఏడాది సోవియట్ లీగులో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన మనిషి, ఇంకా అదే కోచ్ కింద ఆడుతూ రాసిన ఉత్తరం అది. జట్టు వదిలి వెళ్లాక రాసుంటే దాని విలువ వేరుగా ఉండేది.

మరుసటి ఏడాదే తలుపులు తెరుచుకున్నాయి. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కనక్స్ 1985 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ల హక్కులు తీసుకునే ఎంపికలో) 214వ ఎంపికగా, లాటరీ టికెట్టు కొన్నట్టు ఆయన పేరు రాసుకుని ఉంచింది. 1989లో లారియోనోవ్, క్రుతోవ్ వాంకూవర్‌కు, మకరోవ్ కాల్గరీకి, ఫెతిసోవ్ న్యూజెర్సీకి వెళ్లారు. ఐదుగురిలో ఒక్కొక్కరూ విడిగా ఎలా ఆడతారన్నది అప్పుడే బయటపడింది. మకరోవ్ తొలి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి తీసుకున్నాడు. ముప్పై దాటినవాడు ‘కొత్తవాడు’ ఏమిటని లీగు ఆ బహుమతికి వయసు పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. క్రుతోవ్ బరువు పెరిగి, ఊరూ భాషా ఒంటపట్టక ఒక్క సీజన్‌తోనే తిరిగి వెళ్లిపోయాడు. లారియోనోవ్‌కు మొదటి ఏడాది 74 మ్యాచ్‌ల్లో 44 పాయింట్లే వచ్చాయి. మంచు పలక వెడల్పు అంతర్జాతీయ కొలతకన్నా దాదాపు నాలుగు మీటర్లు తక్కువ, ఆలోచించే వ్యవధీ తక్కువ. అక్కడ నిలదొక్కుకోవడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. 1991లో ఇరవై ఏళ్ల బూరే వచ్చాక, అతని పక్కన సెంటర్‌గా నిలబడి ఆ సీజన్‌లో 65 పాయింట్లు చేశాడు. బూరే అదే సీజన్‌లో 34 గోల్స్ కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మీరు బూరే అంకెలను లారియోనోవ్‌కు ఎదురుగా పెట్టి చూశారు గానీ, ఆ తొలి ఏడాది అంకెల్లో కొంత వాటా లారియోనోవ్‌దే.

సరిగ్గా అప్పుడే ఆయన వాంకూవర్ వదిలేశాడు. ఆటగాళ్లను విదేశాలకు పంపిన సోవింటర్‌స్పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థకు ఒప్పందాల ప్రకారం పెద్ద మొత్తం ముట్టాలి. తన చెమటకు వచ్చిన డబ్బు ఆ జేబులోకి ఇక వెళ్లకూడదని, 1992-93 సీజన్‌లో స్విట్జర్లాండ్‌లోని లుగానోకు ఆడాడు. ముప్పై రెండేళ్ల వయసులో ప్రపంచంలోని అతిపెద్ద లీగును వదిలి వెళితే మళ్లీ పిలుస్తారన్న భరోసా ఎవరికీ ఉండదు. ఉత్తరం రాసిన మనిషే ఇదీ చేశాడని గుర్తుపెట్టుకుంటే ఆశ్చర్యం ఉండదు.

1993లో శాన్ హోసే షార్క్స్ పిలిచింది. అంతకుముందు ఏడాది ఆ జట్టుకు మొత్తం 24 పాయింట్లు (జట్టుకైతే అప్పట్లో గెలుపుకు రెండు, సమానానికి ఒకటి). లీగు అట్టడుగు జట్లలో ఒకటి. మకరోవ్‌నూ తెచ్చి, స్వీడన్ ఆటగాడు యోహాన్ గార్పెన్‌లోవ్‌ను మూడోవాడిగా కలిపారు. ఆ ఏడాది జట్టు 82 పాయింట్లతో కప్పు కోసం జరిగే నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్‌లకు చేరింది. ఒక్క సీజన్‌లో 58 పాయింట్ల ఎదుగుదల అప్పటికి లీగు రికార్డు. తొలి రౌండ్‌లో పశ్చిమ విభాగంలో ఎనిమిదో స్థానపు షార్క్స్, అదే విభాగంలో అగ్రస్థానంలో ఉన్న డెట్రాయిట్‌ను ఏడు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపింది. షార్క్స్ గోలీ, అంటే గోల్ కాపలాదారు, లాత్వియాకు చెందిన ఆర్తుర్స్ ఇర్బే. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

డెట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ ఆ ఓటమిని మరిచిపోలేదు. 1995 అక్టోబరు 24న, ఒకప్పుడు సీజన్‌లో 52 గోల్స్ కొట్టిన రే షెపర్డ్‌ను ఇచ్చి, ముప్పై అయిదు నిండబోతున్న లారియోనోవ్‌ను తెచ్చుకున్నాడు. నేను అప్పటికి ఈ ఊరికి వచ్చి నెలలే అయింది. ఆఫీసులో జనం తిట్టిన తిట్లతోనే నాకు హాకీ పదజాలం మొదలైంది. మూడు రోజుల తర్వాత కాల్గరీలో ఫెతిసోవ్, వ్లాదిమిర్ కొన్‌స్తంతీనోవ్ డిఫెన్స్‌లో, ఫెదొరోవ్, వ్యాచెస్లావ్ కొజ్లోవ్ రెండు పక్కల, లారియోనోవ్ మధ్యలో, ఐదుగురు రష్యన్లను ఒకేసారి దింపారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అంతకుముందు అలా జరగలేదు. డెట్రాయిట్ 3-0తో గెలిచింది. కొజ్లోవ్‌ది కూడా వొస్క్రెసెన్స్కే, ఇద్దరూ ఒకే ఊరి బిడ్డలు.

ఆ శీతాకాలం ఒక సహోద్యోగి నన్ను రెడ్ వింగ్స్ ఆడే జో లూయిస్ అరీనాకు తీసుకెళ్లాడు. చవక టికెట్లు, కప్పు కింద చివరి వరుస. ఆట తెలియనివాడికి అదే మంచి చోటని తర్వాత అర్థమైంది, ఎందుకంటే పైనుంచి ఐదుగురి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. లారియోనోవ్ బిళ్ళతో నీలిరేఖ దాకా వచ్చాడు. ఎదురుగా ముగ్గురు. పక్కసీటు పెద్దాయన “షూట్! షూట్!” అని లేచి అరుస్తున్నాడు. లారియోనోవ్ రేఖకు అడుగు ఇవతల వంపు తిరిగి, బిళ్ళను మధ్యరేఖ దాకా వెనక్కి తీసుకెళ్లి, చూడకుండా ఫెతిసోవ్‌కు వదిలేశాడు. అరీనా అంతా నిట్టూర్పు. ఆయన వెంటపడి వచ్చిన ఇద్దరు ఇంకా తిరగకముందే, ఫెతిసోవ్ నుంచి ఎడమవైపు ఫెదొరోవ్‌కు, అక్కడినుంచి ఖాళీ అయిపోయిన నడిమధ్యకు దూకిన కొజ్లోవ్‌కు బిళ్ళ చేరింది. గోల్. పెద్దాయన కూర్చుని టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇప్పుడు లెక్క చూడండి. హాకీలో గోల్‌కు ముందు బిళ్ళ ఇచ్చిన చివరి ఇద్దరికే అసిస్టు రాస్తారు. ఆ గోల్‌కు గోడ పగలగొట్టినవాడు మూడోవాడు. లారియోనోవ్ ఖాతాలో ఆ గోల్‌కు పడింది సున్నా.

ఇది ఒక రోజు ముచ్చట. సీజన్ మొత్తానికి ఆయనకు డెట్రాయిట్ తరఫున 69 మ్యాచ్‌ల్లో 71 పాయింట్లు వచ్చాయి. జట్టు 82లో 62 మ్యాచ్‌లు గెలిచి అప్పటికి రికార్డు నెలకొల్పింది. అయినా ఆ ఏడాది కొలరాడో చేతిలో ఓడి కప్పు పోయింది. 1997లో ఫిలడెల్ఫియాను నాలుగు మ్యాచ్‌ల్లో తుడిచిపెట్టి, 42 ఏళ్ల తర్వాత స్టాన్లీ కప్పును, అంటే ఎన్‌హెచ్‌ఎల్ విజేత ట్రోఫీని, ఊరికి తెచ్చారు. కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ దాన్ని ఫెతిసోవ్ చేతికిస్తే, ఫెతిసోవ్ లారియోనోవ్‌ను పిలిచాడు. చెరో పక్కన పట్టుకుని ఇద్దరూ కలిసి మంచు చుట్టూ తిరిగారు. ఆ వేసవిలో కొజ్లోవ్‌తో కలిసి దాన్ని మాస్కో ఎర్రకూడలికి తీసుకెళ్లారు. స్టాన్లీ కప్పు రష్యాలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

కప్పు గెలవడానికీ ఆ మాస్కో ప్రయాణానికీ మధ్య జూన్ 13 రాత్రి ఉంది. గెలిచిన ఆరో రోజు, బర్మింగ్‌హామ్ అనే ఇక్కడి శివారులో, లైసెన్సు సస్పెండైన డ్రైవరు నడిపిన లిమోజిన్ చెట్టును ఢీకొట్టింది. కొన్‌స్తంతీనోవ్‌కు, జట్టు మసాజ్ నిపుణుడు సెర్గీ మ్నత్సకనోవ్‌కు తలకు తీవ్రమైన గాయాలయ్యాయి. కొన్‌స్తంతీనోవ్ మళ్లీ స్కేట్లు కట్టలేదు. ఫెతిసోవ్ బయటపడ్డాడు. లారియోనోవ్ ఆ కారులో లేడు. ఐదుగురి లైన్ అక్కడితో ముగిసింది. 1998లో వాషింగ్టన్‌పై మళ్లీ కప్పు గెలిచినప్పుడు కొన్‌స్తంతీనోవ్‌ను చక్రాల కుర్చీలో మంచు మీదికి తెచ్చి, కప్పును మొదట ఆయన ఒళ్లోనే పెట్టారు. దాని గురించి ఇంతకన్నా ఎక్కువ రాయను. ఈ ఊళ్లో ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట ఆగిపోతుంది.

2000లో బూరేతో ఆడదామని ఫ్లోరిడా వెళ్లడం ఆయన చేసిన పొరపాటు. ఆ జట్టుకు ఆయన ఆట పట్టలేదు, 26 మ్యాచ్‌ల తర్వాత డిసెంబరులో డెట్రాయిటే తిరిగి తెచ్చుకుంది. అలా తిరిగి వచ్చినందుకే, మీ అబ్బాయికి నేను చూపించమనే మొదటి మ్యాచ్ సాధ్యమైంది. 2002 జూన్ 8, ర్యాలీ నగరం, కరొలినాతో ఫైనల్ మూడో మ్యాచ్. ఓడిపోతున్న డెట్రాయిట్‌ను చివరి రెండు నిమిషాల్లో బ్రెట్ హల్ సమం చేశాడు. ఓవర్‌టైం ఒకటి, రెండు, మూడోది మొదలైంది. అర్ధరాత్రి దాటిపోయింది. పాతికేళ్లవాళ్లే కాళ్లు ఈడ్చుకుంటున్నారు. 54 నిమిషాల 47 సెకన్ల అదనపు ఆట తర్వాత బిళ్ళ నలభై ఒకటేళ్ల లారియోనోవ్‌కు గోల్ ముందు దొరికింది. అలాంటి చోట, అలాంటి అలసటలో, నూటికి తొంభైమంది వెంటనే కొట్టేస్తారు. కరొలినా ఆటగాడు బేట్స్ బటాలియా కూడా అలాగే అనుకుని అడ్డంగా మంచు మీద పడి జారాడు. లారియోనోవ్ కొట్టలేదు. బటాలియా తన ముందు నుంచి జారిపోయేదాకా బిళ్ళను పట్టుకుని ఉండి, తర్వాత కర్ర వెనకవైపుతో దాన్ని గోలీ మీదుగా పైకి లేపాడు. ఆ గోలీ ఎవరనుకున్నారు? ఎనిమిదేళ్ల కిందట షార్క్స్‌లో తనతో కలిసి డెట్రాయిట్‌ను ఓడించిన ఇర్బే. స్టాన్లీ కప్ ఫైనల్లో గోల్ కొట్టిన అతిపెద్ద వయస్కుడన్న పేరు ఆ రాత్రి లారియోనోవ్‌కు వచ్చింది. ఇంకో రెండు మ్యాచ్‌లకు మూడో కప్పూ వచ్చింది. తర్వాత వైన్ వ్యాపారంలోకి దిగినప్పుడు ఒక సీసాకు ‘ట్రిపుల్ ఓవర్‌టైం’ అనే పేరు పెట్టుకున్నాడు.

అదే సీజన్‌లో డెట్రాయిట్‌కు పావెల్ దత్స్యుక్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు వచ్చాడు. కొత్త దేశంలో అతనికి పెద్దదిక్కు ఫెదొరోవ్, లారియోనోవ్. దత్స్యుక్ ఆటను ఎరిగినవారికి ఆ బిళ్ళ పట్టుకుని వేచి ఉండడం ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. లారియోనోవ్ 2003-04లో న్యూజెర్సీకి ఒక సీజన్ ఆడి నలభై మూడేళ్లకు ఆట మానేశాడు. ఆపైన కొంతకాలం ఆటగాళ్ల ఏజెంటుగా ఉన్నాడు, రష్యా కుర్రాళ్ల జట్టుకు కోచ్ అయ్యాడు, 2022లో నిజ్నీ నొవ్గొరోద్‌లోని టోర్పెడో జట్టు పగ్గాలు పట్టాడు. ఆ జట్టును కూడా బిళ్ళ వదులుకోని ఆటే ఆడించాడు. శిబిరాల్లో బంధించి నేర్పిన ఆటను శిబిరం లేకుండా నేర్పవచ్చా అన్నదానికి ఆయన డెట్రాయిట్‌లో ఆటగాడిగా ఒకసారి, టోర్పెడోలో కోచ్‌గా మరోసారి జవాబు వెతికాడని నాకనిపిస్తుంది. తిఖోనోవ్ పద్ధతి లేకపోతే లారియోనోవ్ ఉండేవాడే కాదని వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అదే శిబిరంలో అదే శిక్షణ పొందిన క్రుతోవ్ తలుపు తెరవగానే ఏం చేయాలో తోచక నష్టపోయిన సంగతి నేను కళ్లారా చూడకపోయినా, ఆ కాలపు వాంకూవర్ అభిమానులు ఇప్పటికీ బాధగా చెప్తారు.

ఇక మీ అబ్బాయి సంగతి. గోల్స్ ముక్కలు ముక్కలుగా కలిపిన వీడియోలు చూపించకండి. వాటిలో లారియోనోవ్ ఉండనే ఉండడు. 2002 నాటి ఆ మూడో ఓవర్‌టైంతో మొదలుపెట్టి, తర్వాత 1995-96 డెట్రాయిట్ మ్యాచ్ ఏదైనా ఒక పీరియడ్ మొత్తం, 8వ నెంబరు చొక్కా మీద కన్ను వేసి చూడమనండి. బిళ్ళ తన దగ్గర లేనప్పుడు ఆయన తల ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలతో నేను చేయించిన పని ఇదే. మొదటిసారి ఎవరూ మూడు దాటి లెక్కపెట్టలేదు, ఎందుకంటే నాలుగోసారికి అందరి కళ్లూ బిళ్ళ వెంట పోయేవి. పది లెక్కపెట్టిన రోజున వాణ్ని స్కేట్లు కట్టించి మంచు మీదికి పంపండి, బిళ్ళ లేకుండా ఆ తల తిప్పడమే సాధన చేయమనండి. ఎత్తు గురించి ఇంకో మూడేళ్ల దాకా అడగకండి.